ఆరా, ఏడా?



"మేడమ్, బయాలజీ పీరియడ్‌కి కంప్యూటర్ ల్యాబ్ ఎందుకు? ఇదంతా నీట్‌లో వస్తుందా?" పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో మీలో కొందరు అడిగారు. ఆ రోజు హడావుడిలో సరిగా చెప్పలేకపోయాను.

జీవుల డీఎన్ఏ, ప్రొటీన్ల సమాచారాన్ని కంప్యూటర్‌లో వెతికి, పోల్చి చూసే శాస్త్రమే బయోఇన్ఫర్మాటిక్స్. పరిశోధకులు రోజూ వాడే ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌నే మన పదో తరగతి పిల్లలూ వాడుతున్నారు. దానికి ఫీజు లేదు. మీ పిల్లల రక్తం గానీ, డీఎన్ఏ గానీ మేం సేకరించం. అక్కడ అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమే చూస్తాం.

మొదట సికిల్ సెల్ వ్యాధి తీసుకున్నాం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజన కుటుంబాలను బాధిస్తున్న రక్తవ్యాధి ఇది. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని కేంద్రం 2023లో జాతీయ మిషన్ ప్రారంభించింది. బీటా గ్లోబిన్ అనే ప్రొటీన్‌లో ఆరో స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ రావడమే ఈ వ్యాధికి మూలం. ఏళ్ల తరబడి నేను పిల్లలతో బట్టీ పట్టించిన లైన్ ఇది.

ఆ ప్రొటీన్‌లోని 147 అమైనో ఆమ్లాల వరుసను తెరిపించి, "ఆరోది గుర్తించండి" అన్నాను. ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఆరోది ప్రోలీన్. గ్లుటామిక్ ఆమ్లం ఏడోది" అంది. "సరిగ్గా లెక్కపెట్టమ్మా" అని కాస్త విసుక్కున్నాను. మళ్లీ లెక్కపెట్టింది. ఏడే. నేనూ లెక్కపెట్టాను. ఏడే! "పుస్తకం తప్పా మేడమ్?" అంది. "నాకు తెలీదు. రేపటికి నేనూ వెతుకుతాను, మీరూ వెతకండి" అన్నాను. క్లాసులో ఆ మాట అనడానికి నాకు కష్టంగానే అనిపించింది.

మర్నాడు జవాబు దొరికింది. కణం ప్రొటీన్‌ను మెథియోనిన్‌తో మొదలుపెట్టి తయారుచేస్తుంది. తర్వాత దాన్ని తీసేస్తుంది. పాఠ్యపుస్తకాలు అది పోయాక లెక్కపెడతాయి, డేటాబేస్ దానితో కలిపి లెక్కపెడుతుంది. రెండూ ఒప్పే. ఆ అమ్మాయిని అందరి ముందూ మెచ్చుకున్నాను, ముందురోజు విసుక్కున్నందుకు సారీ కూడా చెప్పాను.

నీట్ సంగతికొస్తే, బయోఇన్ఫర్మాటిక్స్‌కి ప్రత్యేకంగా చాప్టర్ లేదు. సికిల్ సెల్ మాత్రం సిలబస్‌లో ఉంది. ఆ ప్రశ్న వస్తే మన పిల్లలు "ఆరు" అనే రాస్తారు. ఎందుకు ఆరో కూడా వాళ్లకు తెలుసు. బట్టీ పట్టినది పరీక్ష అయ్యాక మర్చిపోవచ్చు గానీ, తామే లెక్కపెట్టి, టీచర్‌నే నిలదీసి తెలుసుకున్నది మర్చిపోరు.

ఈ రోజు ఇంటికొచ్చాక మార్కుల సంగతి కాసేపు పక్కన పెట్టి, "ఆరా, ఏడా?" అని మీ అబ్బాయినో అమ్మాయినో అడిగి చూడండి. వాళ్లే మీకు పాఠం చెబుతారు.

మీ పిల్లల బయాలజీ టీచర్