కొత్త పాట వచ్చిందంట, విన్నరా?

పోస్టు కొంచెం పెద్దగనే ఉంది, తీరిక చేసుకుని చదవండి.

మేం నలుగురం. ఇద్దరం గోండులం, ఒకరు తోటి, ఒకరు మణుగూరు వైపు కోయ. చదువులు, పరీక్షలు ఎట్లాగూ ఉన్నయ్. వాటితో పాటు కొన్నేళ్ళుగా ఇంకో పని పెట్టుకున్నం: మన పాటల వెంట తిరగడం. ఏ ఊర్లో దండారి ఆడుతున్నరు, ఏ జాతరకి ఏ డోలి బృందం వస్తున్నది, ఏ తమ్ముడు గోండిలో కొత్త పాట వదిలిండు, ఏ చెల్లె కోయ భాషలో పాడింది... వీలైతే పోయి చూస్తం, పోలేకపోతే ఫోన్లో వింటం. విన్నది రాసి పెట్టుకుంటం. "దీనివల్ల ఏమొస్తది?" అని చాలామంది అడిగిన్రు. అందుకే ఈ పోస్టు.

మాకు ఈ పిచ్చి ఎక్కించింది పంక్ సంగీతం అంటే నవ్వుతరేమో. యూనివర్సిటీలో ఒక స్నేహితుడు వినిపించిండు. మొదట చెవులకి రోదలాగే అనిపించింది. దాని కథ తెలిసినంక మాత్రం ఇది మనకు తెలిసిన సంగతే కదా అనుకున్నం. 1970ల నడుమ న్యూయార్క్‌లో, లండన్‌లో మొదలైంది. పెద్ద సంగీతం రానక్కర్లేదు, పెద్ద కంపెనీ పిలవనక్కర్లేదు, చేతిలో ఉన్న వాయిద్యంతో నీ మాట నువ్వే పాడు అన్నరు. బజ్‌కాక్స్ అని మాంచెస్టర్ బ్యాండు ఒకటుంది. వాళ్ళు ఇంట్లోవాళ్ళ దగ్గర, దోస్తుల దగ్గర 500 పౌండ్లు అప్పు తెచ్చి, 1977 జనవరిలో స్పైరల్ స్క్రాచ్ అనే నాలుగు పాటల రికార్డు సొంతంగా వేసిన్రు. మొదట వెయ్యి కాపీలు. ఆ అట్ట మీద ఒక్కో పాట ఎన్నోసారి పాడినప్పుడు రికార్డయ్యిందో కూడా అచ్చు వేసిన్రు. ఇందులో దాపరికం ఏం లేదు, మీరూ చేసుకోవచ్చు అని చెప్పడమే అది.

ఇంకా దగ్గరి కథ ఉంది. అమెరికాలో నవాజో తెగవాళ్ళు తమని తాము దినే అని పిలుచుకుంటరు. 1974లో అక్కడి ప్రభుత్వం చేసిన చట్టం వల్ల బ్లాక్ మెసా ప్రాంతంలో వేలమంది దినే ప్రజలు భూములు వదిలిపోవాల్సి వచ్చింది. ఆ నేల కింద బొగ్గు ఉంది. ఆ ప్రాంతంలోనే మూలాలున్న కుటుంబం నుంచి ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్క కలిసి 1989లో బ్లాక్‌ఫైర్ అనే పంక్ బ్యాండు పెట్టిన్రు: జెనీడా, క్లీ, క్లేసన్ బెనలీ. వాళ్ళ నాయన జోన్స్ బెనలీ సంప్రదాయ వైద్యుడు, పాటగాడు. ఒక్కోసారి ఆయన కూడా వాళ్ళతో పాటు వేదిక ఎక్కేవాడు. 2007లో వచ్చిన వాళ్ళ ఆల్బంలో రెండు డిస్కులు ఉంటయ్. ఒకదాంట్ల గిటారు, డ్రమ్ములతో పంక్. ఇంకోదాంట్ల తాతలనాటి పాటలు. రెండూ ఒకే అట్టలో. ఇది వినిపించినప్పుడు మా మణుగూరు దోస్తు అన్నది ఒక్కటే మాట: "మా దగ్గరా బొగ్గే, మా దగ్గరా డోలే. మరి మన రెండో డిస్కు ఏది?"

ఆ ప్రశ్నతోనే మేం ఇంటివైపు చూడటం మొదలుపెట్టినం.

పంక్ వాళ్ళు "సీన్" అనే మాట వాడతరు. సినిమా సీను కాదు. ఒక ఊర్లో వాయించేవాళ్ళు, వినేవాళ్ళు, చోటు ఇచ్చేవాళ్ళు, రికార్డు చేసేవాళ్ళు, వార్త మోసేవాళ్ళు, అందరూ కలిస్తే సీన్. అట్ల చూస్తే మనకంటే పాత సీన్ ఎవరిది చెప్పండి? దసరా దాటిందంటే దండారి కదులుతది. ఒక ఊరి బృందం ఇంకో ఊరికి పోతది. ఆ ఊరోళ్ళు ఎదురొచ్చి తీసుకుపోయి అన్నం పెడతరు. పెప్రె, తుడుం, గుమేల, కాలికోమ్ మోగుతయ్. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు దిగుతరు. టికెట్టు లేదు, స్పాన్సర్ లేడు. వచ్చే ఏడు వీళ్ళు వాళ్ళ ఊరికి పోతరు. పంక్ బ్యాండ్లు ఒకరి ఊర్లో ఒకరు పడుకుని, ఒకరి ఇంట్లో ఒకరు తిని ఊరూరూ తిరిగిన పద్ధతి చదివినప్పుడు, ఇది మా తాతల దండారి కదా అనిపించింది.

లైవ్‌లో చూస్తే తెలిసేది రీల్‌లో తెల్వదు. ముప్పై సెకన్ల రీల్‌లో గుస్సాడీ ఎగరడం కనిపిస్తది. పక్కన గొంగడి కప్పుకుని కూసున్న తాత కనపడడు. డప్పు కొట్టే పిలగాడు దరువు తప్పినప్పుడు ఆ తాత చేత్తోటి నేల మీద కొట్టి చూపిస్తడు. పిలగాడు సర్దుకుంటడు. ఊరు మారితే దరువు మారుతది. ఇది తెలియాలంటే రాత్రంతా అక్కడ ఉండాల్సిందే.

ఊరి దండారికి, వేదిక మీది దండారికి తేడా కూడా చూసినం. ఒక పట్టణంలో ఏదో సభకి మన బృందాన్ని పిలిచిన్రు. పొద్దున పదింటికి రమ్మన్నరు. నాయకుల కారు వచ్చేటప్పుడు గేటు కాడ ఐదు నిమిషాలు ఆడిపిచ్చిన్రు. మధ్యాహ్నం మూడింటిదాకా తిండి లేదు, చివరికి దారి ఖర్చులు చేతిలో పెట్టి పంపిన్రు. బ్యానర్ మీద బృందం పేరు లేదు, ఊరి పేరు లేదు, "గిరిజన నృత్యం" అని మాత్రం ఉంది. అరకు వైపు దోస్తులు పర్యాటకుల ముందు ఆడే థింసా గురించి ఇట్లాంటి మాటే చెప్తరు. కళాకారులకి నాలుగు పైసలు వస్తే మంచిదే, మేం కాదనం. కానీ పిలిచినోళ్ళు పేరు అడగాలె. అడగకపోతే మనం చెప్పాలె.

ఇగ కొత్త పాటల సంగతి. మన అన్నలు అంగడి రోజు మొబైల్ షాపుకి పోయి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకునేటోళ్ళు. అందులో మన భాష పాట ఒకటో రెండో ఉంటే గొప్ప. ఇప్పుడు గోండి, కోయ, కొలామి పాటలు యూట్యూబులోనే వస్తున్నయ్. తండాల తమ్ముళ్ళ గోర్ బోలి పాటలు ఎంత దూరం పోయినయో అందరం చూస్తున్నం. ఒక ఫోను, ఒక మైకు, తెలిసినోళ్ళ కీబోర్డు ట్రాకు, పత్తి చేన్లో షూటింగు. అప్‌లోడ్ చేయాలంటే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన తమ్ముడు మాకు తెలుసు. ఆ 500 పౌండ్ల రికార్డుకి, ఈ గుట్ట మీది అప్‌లోడ్‌కి తేడా ఏముంది?

"అంతా డీజే చేసి పాడు చేస్తున్నరు" అని పెద్దలు కోప్పడతరు. ఆ కోపంలో నిజం లేకపోలేదు, కొన్ని పాటల్లో తుడుం శబ్దం కూడా కంప్యూటర్‌దే. కానీ పట్నంలో పెరుగుతున్న మన పిల్లలు గోండి మాట వినేది ఆ డీజే పాటలోనే. అందుకని మేం రెండూ వింటం. బ్లాక్‌ఫైర్ వాళ్ళు రెండు డిస్కులు పెట్టినట్టే.

మాకు బాధ కలిగించేది వేరే ఉంది. పాట కింద "జానపద గీతం" అని రాసి వదిలేస్తున్నరు. పాడినామె పేరు ఉండదు. గోండుల వంశ కథలు కింగ్రి మీద పాడేది ప్రధాన్లు, తోటీలు. మా నలుగురిలో తోటి దోస్తు ఒక్కోసారి గట్టిగనే అడుగుతడు: "కథ మీదే, గొంతు మాది. గొంతు పేరు ఎందుకు రాయరు?" న్యాయమైన మాట. ఇంకొకటి, మన పాటని బయటోళ్ళు ఎవరన్నా ముందు రికార్డు చేసి, డిజిటల్‌గా పంపిణీ చేసే సంస్థ ద్వారా నమోదు చేసుకున్నరనుకోండి. తర్వాత మనం మన పాటే పెట్టినా, ఆ వ్యవస్థ దాన్ని వాళ్ళ పాటగా గుర్తుపట్టి కాపీరైట్ క్లెయిమ్ వేసే ప్రమాదం ఉంది. ఇది ముందే మాది, ఫలానా ఊర్లో ఫలానా ఆమె పాడింది, ఫలానా తారీఖు అని చెప్పాలంటే ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలె.

2024 సంగతి గుర్తుంది కదా. జూన్‌లో సకిని రామచంద్రయ్య గారు పోయిన్రు. సమ్మక్క సారలమ్మ కథ డోలు మీద చెప్పే కోయ పెద్దాయన, 2022లో పద్మశ్రీ అందుకున్నోడు. అక్టోబర్‌లో గుస్సాడీ కనకరాజు గారు పోయిన్రు. మార్లవాయి ఆయన ఊరు, 2021 పద్మశ్రీ. నాలుగు నెలల తేడాలో ఇద్దరు. స్టేటస్‌లల్ల అందరం ఫోటోలు పెట్టినం. మూడో రోజుకి ఫోటోలు మారిపోయినయ్. వాళ్ళ పక్కన తాళం వేసినోళ్ళు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నోళ్ళు ఇంకా ఉన్నరు. వాళ్ళకి పద్మశ్రీ రాకపోవచ్చు. వినేటోళ్ళు కూడా రాకపోతే ఎట్ల?

వాషింగ్టన్‌లో ఫుగాజీ అనే పంక్ బ్యాండు ఉండేది. 1987 నుంచి 2003 దాకా వెయ్యికి పైగా కచేరీలు చేసిన్రు. వాటిల్ల 800కి పైగా రికార్డు చేసి దాచిపెట్టిన్రు. 2011 నుంచి అవి అందరికీ దొరుకుతున్నయ్, ఏ తారీఖు, ఏ ఊరు, ఏ హాలు అన్న వివరాలతో సహా. బాగా పాడిన రోజూ ఉంది, తప్పులు పడిన రోజూ ఉంది. పేరున్న బ్యాండు కాబట్టి దాచలేదు, దాచింది కాబట్టి ఇవ్వాళ మనలాంటోళ్ళకి కూడా తెలిసింది.

మేం చేసేది అంత పెద్దది కాదు. ఒక లాంగ్ నోట్‌బుక్కు, ఒక హార్డ్ డిస్కు. తారీఖు, ఊరు, ఎవరు పాడిన్రు, ఎవరు వాయించిన్రు, ఏ వాయిద్యం, ఎవరి దగ్గర నేర్చుకున్నరు, ఏ భాష. యూట్యూబు పాటైతే రాసినోళ్ళ పేరు, ఛానల్ పేరు. వివరం తెలియకపోతే ఫోన్ చేసి అడుగుతం. పాడినోళ్ళకి ఆ ఫోన్ కాల్ ఎంత సంబురమో మాటల్లో చెప్పలేం. "మా పాట గురించి అడిగేటోళ్ళు కూడా ఉన్నరా బిడ్డా" అన్నది ఒక అవ్వ.

రికార్డు చేయకూడనివి కూడా ఉంటయ్, అది మరవద్దు. పేన్ దగ్గర పాడేది, వంశం వాళ్ళ మధ్యనే పాడుకునేది కెమెరా కోసం కాదు. గుస్సాడీ వేషం దీక్షతో వేసేది, ఫ్యాన్సీ డ్రెస్సు కాదు. అందుకే ముందు పటేల్‌నో, కటోడానో, పాడే పెద్దమనిషినో అడుగుతం. వద్దంటే ఫోను జేబులో పెట్టి చెవులతోనే వింటం. అది కూడా సీన్‌లో భాగమే. ప్రతిదీ నెట్‌లో పెట్టాలని ఎవరికీ మొక్కుకోలేదు కదా.

తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, పాడటం రాదని ఆగకండి. సీన్‌కి పాడేటోళ్ళ కంటే వినేటోళ్ళు ఎక్కువ కావాలె. నెలకి ఒక కొత్త మన భాష పాట పూర్తిగా వినండి. నచ్చితే పాడినోళ్ళ పేరుతో సహా పంపండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో పాడినోళ్ళకే మర్యాదగా చెప్పండి, వాళ్ళు ఇంకోటి చేస్తరు. ఈ దీపావళికి సెలవులు దొరికితే మీ ఊరి దండారి ఏ ఊరికి పోతున్నదో కనుక్కుని వెంట పోండి. పెప్రె ఊదే తాత పక్కన కూసోండి. ఆయన పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నడో ఒక కాగితం మీద రాయించుకోండి. మిగతాది తర్వాత చూసుకుందాం.

జై సేవా.