అప్ అంటే బాగున్నట్టేనా?

సర్వర్లని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. ఇప్పుడంటే డాష్‌బోర్డులొచ్చాయి కానీ, పాత యునిక్స్‌లో ఈ పనికి 'ఆర్‌అప్‌టైమ్' అనే చిన్న కమాండ్ ఉండేది. నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటరూ సుమారు 3 నిమిషాలకోసారి తన క్షేమం చాటుతుంది. 11 నిమిషాలు చప్పుడు లేకపోతే 'డౌన్'. లేదంటే 'అప్', పక్కనే మూడు లోడ్ అంకెలు: గత 1, 5, 15 నిమిషాల సగటు. మొదటిది మూడోదానికన్నా పెద్దదైతే భారం పెరుగుతోందని అర్థం.

రోజూ రాత్రి తొమ్మిదికి అమ్మకి ఫోన్ చేస్తాను. "బానే ఉన్నాన్రా" అంటుంది. పెట్టేస్తాను.

నాన్నకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. మొన్న ఊరెళ్తే, రాత్రి రెండింటికి అమ్మ ఒక్కతే ఆయన్ని పక్కకి తిప్పుతోంది. రాత్రికి మూడుసార్లు లేస్తుందట.

"చెప్పలేదేం?"

"నువ్వడిగింది బాగున్నావా అనే కదరా."

నిజమే. ఇన్నాళ్లూ నేను 'అప్' అన్న మాట ఒక్కటే చదివి ఊరుకున్నాను. పక్కనున్న అంకెలు అడగలేదు.

ఇప్పుడు ప్రశ్న మార్చాను. "రాత్రి ఎన్నిసార్లు లేచావమ్మా?" మొదట్లో మాట దాటేసేది. నిన్న మాత్రం కాసేపాగి, "నాలుగు" అంది.

ఈ శుక్రవారం బస్సుకి టికెట్ తీశాను.