పన్నెండు గుంటలు (ఊరి ముచ్చట – 17)

పోయిన వారం రాస్తానన్న ముచ్చట ఇది. ఇంటర్నల్ పేపర్లు దిద్దేసరికి ఆలస్యమైంది.

నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివి, ఎంసీఏ చేసి, ఇప్పుడు భూములు, ఇళ్లు వెతికిపెట్టే ఒక చిన్న కంపెనీలో ఉన్నాడు. "మేడమ్, మా సెర్చ్ టూల్‌ను ఏఐ ఏజెంట్లు వాడుకోవాలె. దానికి తెలుగులో డాక్యుమెంటేషన్ కావాలె. కోడ్ అక్కర్లేదు, వాక్యాలు రాసిస్తే చాలు" అన్నాడు.

ఏజెంట్ అంటే చేవెళ్ల రోడ్డు మీద పెరిగిన నాకు తెలిసింది ఒక్కటే: తెల్లచొక్కా, రెండు ఫోన్లు, బుల్లెట్ బండి. ఈ ఏజెంట్ వేరు. ఎవరో చాట్‌బాట్‌ను "ఆలూరులో రెండెకరాలు దొరుకుతదా" అని అడుగుతారు. అది వెతకడానికి టూల్‌ను పిలుస్తుంది. ఆ టూల్ ఏం చేస్తుంది, దానికి ఏం ఇవ్వాలి, తిరిగొచ్చిన దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి, ఇదంతా మనం రాసిపెట్టిన నాలుగు వాక్యాల నుంచే తెలుసుకుంటుంది. మనిషైతే అనుమానం వస్తే పక్కవాణ్ణి అడుగుతాడు. ఇది తడబడకుండా జవాబు చెప్పేస్తుంది.

పరీక్షకని మా పొలం వివరాలే ఇచ్చాను. మా తాతకొచ్చిన లావణి పట్టా, ఎకరా ఇరవై గుంటలు. రికార్డుల్లో దాన్ని 1.20 అని రాస్తారు. ఏజెంట్ ఏమందంటే, "1.20 ఎకరాలు, అంటే 48 గుంటలు."

ఎకరాకు 40 గుంటలు. ఎకరా ఇరవై అంటే 60. చుక్కకు అటు ఎకరాలు, ఇటు గుంటలు అని దానికెవరూ చెప్పలేదు. అది దశాంశం అనుకుంది. పన్నెండు గుంటలు, గుంటకు 121 గజాల లెక్కన 1,452 గజాలు మాయం. నాయినకు చెప్తే నవ్వలేదు. "ఒక్క చుక్కకు గంత పొలం పోతదా బిడ్డా?" అన్నాడు. మొదటి వాక్యం అట్లా పడింది.

సర్వే నంబర్ల దగ్గర నా తెలుగు పీహెచ్‌డీ మొదటిసారి పనికొచ్చింది. మన దగ్గర ముక్కలైన సర్వే నంబరు పక్కన అ, ఆ, ఇ, ఈ అని వేస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లోకి పోయేసరికి ఒక 'ఏ' రాస్తే అ, రెండు రాస్తే ఆ. ఒకటి జారితే అన్న పొలం తమ్ముడిదవుతుంది.

అసలు గొడవ 'నిషేధిత' అన్న మాట దగ్గర. మావాడి డ్రాఫ్టులో ఇట్లా ఉంది: ఫలితంలో నిషేధిత అని వస్తే ఆ భూమి వివాదంలో ఉందని చెప్పాలి. నాకు మండింది. నిషేధిత జాబితాలో దేవాదాయ భూములుంటాయి, వక్ఫ్ భూములుంటాయి, సర్కారు భూములుంటాయి, మాలాంటి వాళ్ల అసైన్డ్ భూములుంటాయి. భూమి లేని పేదలకిచ్చిన దాన్ని ఉన్నోళ్లు కొనుక్కోకుండా 1977 నాటి 9వ నంబరు చట్టం పెట్టిన కంచె అది. ఎవరైనా కొన్నా, వెనక్కి తీసుకుని అసలు మనిషికో, వారసులకో ఇప్పించే వీలు ఆ చట్టంలోనే ఉంది. మా తాత పొలం వివాదం ఎట్లా అయింది?

"కొనేటోళ్లకు రెండూ ఒకటే కదా మేడమ్" అన్నాడు.

"దున్నేటోళ్లకు కాదు" అన్నాను.

వాడు మంచి పిల్లగాడే. కానీ ఆ టూల్ కొనేవాడి కళ్లతోనే చూస్తుంది. ఆ మాటకొస్తే రికార్డూ అంతే. 2020లో ధరణి వచ్చినప్పుడు పహాణీలో ఉండే అనుభవదారు కాలమే పోయింది. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడు, భూభారతి మొదలైంది. మధ్యలో ఆ ఏళ్లన్నీ కౌలుకు దున్నినోళ్లు, సాదా కాగితం మీద కొనుక్కుని దున్నినోళ్లు ఎక్కడ కనపడాలి? అందుకని ఇది రాశాను: "ఈ టూల్ పట్టాదారును చూపిస్తుంది. భూమిని ఎవరు దున్నుతున్నారో దీనికి తెలియదు. తెలిసినట్టు చెప్పవద్దు." నా థీసిస్ మొత్తంలో ఇంత సూటి వాక్యం లేదు.

కిరాయి ఇళ్ల భాగంలో 'ఆహారం' అని ఒక గడి ఉంది. వాడుకరి చెప్పకపోతే సందర్భాన్ని బట్టి నింపాలట. ఏ సందర్భం? ఇంటిపేరా, ఊరా? ఏం తింటారని మొదలై ఇంటిపేరు దాకా వచ్చే ప్రశ్నలు విని టులెట్ బోర్డుల ముందు నుంచి ఎన్నిసార్లు తిరిగొచ్చానో! ఆ మాట నోటితో అడిగే ఓనరుకు కనీసం ఎదురు జవాబు చెప్పొచ్చు. ఇక్కడైతే ఇల్లు జాబితాలోకే రాదు, ఎందుకు రాలేదో తెలియదు. "అడగకుండా నింపవద్దు" అని రాశాను. గడే తీసేయమన్నాను. అది మా చేతుల్లో లేదు మేడమ్ అన్నాడు.

నిన్న మళ్లీ మెసేజ్ పెట్టాడు. చుక్క సంగతి, అక్షరాల సంగతి పైవాళ్లు ఒప్పుకున్నారట. నిషేధిత పేరా పొడుగైందట, ఏజెంట్ ప్రతిసారీ అంతా చదవాలంటే ఖర్చట, రెండు వాక్యాల్లోకి కుదించాలట. ఏ రెండు వాక్యాలు ఉంచాలో రాత్రంతా తేలలేదు.

ఆదివారం ఆలూరు పోతున్నాను. ఇంట్లో లావణి పట్టా ఉన్న పిల్లలు ఆ కాగితం తీసి, విస్తీర్ణం ఎట్లా రాశారో, ఇప్పుడు రికార్డులో ఎట్లా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే నాకు చెప్పండి.