ఉక్కు ఊళ్ళో మెత్తని ఎముక

జంషెడ్‌పూర్‌లో పుట్టిన తెలుగు పిల్లలకి అక్షరాలకన్నా ముందు ఇనుము పరిచయమవుతుంది. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మ తయారైంది. ఆ ఫ్యాక్టరీ పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు తరాల తరబడి ఇక్కడే ఉండిపోయాయి. బిష్టుపూర్ రామమందిరంలో, కద్మా వీధుల్లో ఇప్పటికీ ఆ యాస వినపడుతుంది. మాదీ అలాంటి కుటుంబమే. ఇంట్లో మగవాళ్ళంతా ఏదో ఒక మిల్లులోనో, ఫౌండ్రీలోనో పనిచేశారు. నేనొక్కణ్ణే స్కూల్లో సైన్సు పాఠాలు చెప్పుకుని బతికాను.

ఈ ఊళ్ళోనే బర్మామైన్స్ ప్రాంతంలో జాతీయ లోహశోధన ప్రయోగశాల ఉంది. నెహ్రూ 1950 నవంబర్ 26న ప్రారంభించారు. ఖనిజాలు, మిశ్రమ లోహాలు, తుప్పు... దాని పని ఇదేననుకుంటాం. కానీ అదే ప్రయోగశాలలో సుప్రభా నాయర్, అరవింద్ సిన్హా అనే శాస్త్రవేత్తలు ఎముకలాంటి పదార్థాన్ని తయారుచేసే పనిలో దిగారు. హైడ్రాక్సీఅపటైట్, పాలీవినైల్ ఆల్కహాల్, జెలటిన్ కలిపి సన్నని రంధ్రాలున్న మిశ్రమాన్ని రూపొందించిన తీరుపై 2004లో వారి పరిశోధనా పత్రం వెలువడింది. లోహాల వాళ్ళకి ఎముకలతో ఏం పని అని ఎవరికైనా అనిపిస్తుంది. మా ఇంట్లో మాత్రం అప్పటికి ఆ ప్రశ్న తలకిందులుగా ఉండేది.

2003లో మా చిన్నాన్న స్కూటర్ మీదినుంచి పడ్డాడు. మోకాలి కింది పెద్దెముక ముక్కలై, మధ్యలో కొంత మేర లేకుండానే పోయింది. రాడ్డు వేశారు. రాడ్డు నిలిచింది గానీ ఎముక కలవలేదు. నెలలు గడిచాక, తుంటి ఎముక అంచునుంచి కొంత తవ్వి తీసి ఆ ఖాళీలో నింపాలన్నారు. రోలింగ్ మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి ఆయన. "ఏట్రా, ఇనుముకి ఇనుము అతికించే ఊళ్ళో ఎముకకి ఎముక అతికించలేరేటి?" అన్నాడు. నవ్వించడానికి అన్న మాట కాదది. కాలు చివరికి కలిసింది. కానీ తుంటి దగ్గర నొప్పి కాలి నొప్పికన్నా ఎక్కువ కాలం వేధించింది. ఒక గాయం మాన్పడానికి ఇంకో గాయం చేయడమన్నమాట. ప్రపంచమంతటా డాక్టర్లు ఇప్పటికీ మేలుబంతిగా భావించే పద్ధతి ఇదే. ఎందుకంటే సొంత ఎముకలో బతికున్న కణాలూ ఉంటాయి, వాటిని పెరగమని చెప్పే ప్రొటీన్లూ ఉంటాయి, శరీరం దాన్ని పరాయిదిగా చూడదు. చిక్కల్లా తవ్వి తీయడానికి ఎక్కువ లేకపోవడమే.

అయితే ఆ ఖాళీలో ఉక్కే ఎందుకు నింపకూడదు? ఇక్కడే లోహాల లెక్క అక్కరకొస్తుంది. సాగదీస్తే లొంగని గుణంలో ఉక్కు సుమారు 200 గిగాపాస్కల్స్, టైటానియం 110, గట్టి ఎముక 20 లోపు. పక్కన అంత మొండి ఉక్కు ఉంటే బరువంతా అదే మోస్తుంది. పనిలేని ఎముక పలచబడుతుంది. (ఉమ్మడి కుటుంబాలు చూసినవాళ్ళకి దీన్ని వివరించనక్కర్లేదు.) అందుకే కొంతకాలం ఉండి, ఎముకకి చోటిచ్చి, తనంతట తాను కరిగిపోయే పదార్థం కావాలి. ఇల్లు కట్టేటప్పుడు శ్లాబుకింద సెంట్రింగు వేస్తాం కదా, అలాంటిది. ముందే ఊడదీస్తే శ్లాబు కూలుతుంది. ఎప్పటికీ తీయకపోతే ఇంట్లో కాపురం చేయలేం. ఎముక విషయంలో ఆ చెక్కలు తీసే మేస్త్రీ ఉండడు. ఎప్పుడు కరగాలో పదార్థానికే తెలియాలి.

దీనికి హైడ్రోజెల్ పనికొస్తుందన్న ఆలోచన వింతగా కనిపించినా, హైడ్రోజెల్ మనకి కొత్తేం కాదు. తాటిముంజ చూడండి, దాదాపు అంతా నీరే. అయినా కారిపోదు, ఆకారం నిలుపుకుంటుంది. రాత్రి మిగిలిన మేకకాళ్ళ పులుసు పొద్దున్నకి గడ్డకట్టి ఊగుతుంటుంది. ఎముకల్లోని కొల్లాజెన్ ఉడికి జెలటిన్‌గా మారడం వల్లే అలా జరుగుతుంది. ఎముకనుంచి వచ్చిన ఆ జెలటిన్‌నే ప్రయోగశాలలో మళ్ళీ ఎముక దారి పట్టిస్తున్నారు.

ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు కాల్షియం ఫాస్ఫేట్ జాతి ఖనిజమే, హైడ్రాక్సీఅపటైట్‌కి దగ్గరి చుట్టం. దాన్ని పొడిచేసి జెల్‌లో కలిపితే అది కాంక్రీటు కలిపినట్టు ఉంటుంది. శరీరం అలా చేయదు. కొల్లాజెన్ పోగుల మధ్యే ఖనిజపు స్ఫటికాలు పుట్టి, ఆ పోగుల వరసలోనే పెరుగుతాయి. ప్రకృతిని అనుకరించే పద్ధతిలో కాల్షియం అయాన్లు ముందు పాలిమర్ గొలుసుల్ని అంటిపెట్టుకుంటాయి, ఫాస్ఫేట్ తగలగానే అక్కడికక్కడే నానో స్ఫటికాలు ఏర్పడతాయి. కొలిమి అక్కర్లేదు. వెయ్యిన్నర డిగ్రీల దగ్గర ఇనుము కరిగించే ఊళ్ళో, ఒళ్ళు వెచ్చదనం దగ్గర ఖనిజం పుట్టించే పని జరగడం నాకు భలే నచ్చింది. పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇక కష్టాలు. గట్టి ఎముక నొక్కుడుకి 100 నుంచి 200 మెగాపాస్కల్స్ దాకా తట్టుకుంటుంది. మామూలు హైడ్రోజెల్ దాని దరిదాపులకి కూడా రాదు. కాబట్టి జెల్ పెట్టినా కాలికి రాడ్డు తప్పదు. ఖనిజం పెంచితే బలం వస్తుంది గానీ పెళుసవుతుంది. రంధ్రాలు 100 మైక్రాన్లు దాటితేనే కణాలు, 300 దాటితే రక్తనాళాలు బాగా చొరబడతాయి. రంధ్రాలు పెంచితే మళ్ళీ బలం తగ్గుతుంది. రక్తనాళానికి 200 మైక్రాన్లకి మించి దూరమైన కణం ఆక్సిజన్ అందక చచ్చిపోతుంది. గోరంత ముక్కలో గెలిచిన జెల్ బెత్తెడంత ఖాళీలో ఓడిపోయేది ఇందుకే.

ప్రొటీన్ల కథ ఇంకో పాఠం. ఎముక పెరుగుదలని పురిగొల్పే గుణం ఎముకలోనే ఉందని 1965లో మార్షల్ యూరిస్ట్ చూపించాడు. ఆ జాతి ప్రొటీన్ ఒకదాన్ని కొల్లాజెన్ స్పాంజిలో నానబెట్టి వాడేందుకు అమెరికా 2002లో వెన్నెముకకీ, 2004లో చిన్నాన్నకి విరిగిన ఎముకకీ అనుమతినిచ్చింది. స్పాంజి దాన్ని త్వరగా వదిలేస్తుంది కాబట్టి మోతాదు భారీగా వాడాల్సి వచ్చింది. ఎముక పెరగకూడని చోట పెరగడం, వాపు వంటి ఇబ్బందులు తలెత్తాయి. వీటిని తక్కువచేసి చూపారన్న విమర్శలు 2011లో 'ది స్పైన్ జర్నల్'లో గట్టిగా వచ్చాయి. మందుని బొట్టుబొట్టుగా, వారాల తరబడి వదిలే జెల్ కోసం అప్పట్నుంచీ వెతుకులాట పెరగడం సహజమే.

'ఎముకని పెంచే జెల్ వచ్చేసింది' అనే వార్త కనబడితే మా బంధువులు ఇప్పటికీ నాకు పంపుతుంటారు. నేను చూసేవి రెండే. పెట్టింది ఎలుక పుర్రెలోనా, గొర్రె కాల్లోనా? పుర్రె బరువు మోయదు, కాలు మోస్తుంది. రెండోది, ఖాళీ ఎంత? చాలా వార్తలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. చిన్నాన్నకి ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. వార్త వచ్చిందంటే ఆయన అడిగేది వేరే. "తుంటి తవ్వక్కర్లేదంట్రా?" అంటాడు. చిన్న ఖాళీలకైతే అక్కర్లేదనీ, హైడ్రాక్సీఅపటైట్ గుళికలు నింపుతున్నారనీ చెబుతాను. ఆయనది చిన్న ఖాళీ కాదు.