ఎదురుగాలే మా కొండ

పోయిన దసరాకి మా మేనల్లుడు ఇటలీ నుంచి ఫొటోలు పంపాడు. వాడు టూరిన్‌లో చదువుకుంటున్నాడు. స్నేహితులతో కలిసి దగ్గర్లోని లాంగే కొండల్లో సైకిల్ యాత్ర చేశాడట. గుట్ట మీద గుట్ట, ప్రతి గుట్టకీ దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్షతోటలు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ప్రాంతమది. గైడు ఉండడు. ఫోన్‌లో దారి పెట్టిస్తారు. పొద్దున మన పెట్టె హోటల్లో వదిలేస్తే సాయంత్రానికి తర్వాతి ఊరి హోటల్లో మనకంటే ముందే ఉంటుంది. మధ్యలో మనం, సైకిలు, కొండలు... అంతే!

''ఒక్కో ఊరు ఒక్కో గుట్ట నెత్తినెక్కి కూర్చుంది మామయ్యా. ఊరు చేరాలంటే ఎక్కాలి, వదలాలంటే దిగాలి. నువ్వు రావాలి ఒకసారి'' అన్నాడు.

''నాకెందుకురా ఇటలీ! మన పొన్నూరు చుట్టూ లేవూ దారులు?'' అన్నాను. నోరు జారడమంటే ఇదే.

''అయితే తొక్కి చూపించు. మూడ్రోజులు.''

పొన్నూరులో ఇలాంటి మాట ఇచ్చి తప్పించుకోవడం కష్టం. మా ఊరి దేవుడు సాక్షి భావనారాయణుడు. మేనల్లుడికిచ్చిన మాటను మేనమామ తప్పబోతే ఆయనే సాక్ష్యం చెప్పడానికి వచ్చాడని స్థలపురాణం. అరవై దాటిన మోకాళ్లను తలుచుకుని మా ఆవిడ వద్దంటే వద్దంది. అయినా ఫిబ్రవరి రెండో వారంలో ఒక తెల్లవారుజామున బయల్దేరాను.

నా దారి ఇదీ. పొన్నూరు నుంచి తెనాలి, అక్కణ్నుంచి భట్టిప్రోలు మీదుగా రేపల్లె. రెండో రోజు చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్ల. మూడో రోజు తెల్లారే సూర్యలంక సముద్రం చూసి, బాపట్ల నుంచి మళ్లీ పొన్నూరు. మొత్తం నూట యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇందులో కొండ అన్న మాటే లేదు. కృష్ణా పశ్చిమ డెల్టా అరిటాకు పరిచినట్టుంటుంది. రైలుగేటు మీద కట్టిన వంతెనే మాకు ఘాట్‌రోడ్డు!

మా అబ్బాయి గేర్ల సైకిల్ కొనుక్కోమన్నాడు. నేను మాత్రం అటక మీంచి నాన్న హెర్క్యులెస్ దింపించాను. టైర్లు, ట్యూబులు, బ్రేకు కట్టలు కొత్తవి వేయించేసరికి దాని అసలు ధరకి ఎన్నో రెట్లయింది. ఇటలీలోనే కియాంటీ ప్రాంతంలో 'లెరోయికా' అని ఒక సైకిల్ సంబరం ఉంది. అక్కడి తెల్ల మట్టిరోడ్లు తారు కింద మాయమైపోకుండా కాపాడుకోవాలని 1997లో మొదలుపెట్టారు. 1987కి ముందువైన రేసు సైకిళ్ల కోసం పెట్టిన పండగ అది. నాన్న సైకిల్‌కి వయసు సరిపోతుంది. రేసు సైకిలని మాత్రం ఎవర్నీ నమ్మించలేం.

నాన్న పొన్నూరులో బడిపంతులు. ఈ సైకిల్ సంగతి ఇంకా ఉంది, బాపట్లలో చెబుతాను.

మొక్కుబడా మాస్టారూ?

ఇరవై నాలుగడుగుల ఆంజనేయుడికీ, ముప్పై అడుగుల గరుత్మంతుడికీ దణ్ణం పెట్టుకుని నిడుబ్రోలు వైపు తిరిగాను. బయటివాళ్లకు చిన్న తిరకాసు... పొన్నూరు రావాలంటే రైలు దిగాల్సింది నిడుబ్రోలు స్టేషన్లో. ఎన్.జి. రంగా పుట్టిన ఊరది.

ఊరు దాటితే అటూ ఇటూ మినుము చేలు, మొక్కజొన్న. వరి కోయకముందే ఆ తడిలో మినుము చల్లేస్తారు మా వాళ్లు. వరి బయటికి పోయేసరికి మినుము మొలిచి ఉంటుంది. దున్నేదీ లేదు, నీళ్లు పెట్టేదీ లేదు. మంచు, నేలలో మిగిలిన చెమ్మ... వాటితోనే కాయ పడుతుంది. కారులో పోతే అదంతా ఒకే పచ్చచీర. సైకిల్ మీద పోతే ఏ చేను ముందు వేశారో, దేనికి తెగులు తగిలిందో తెలుస్తుంది. వాసనలో కూడా తేడా తెలుస్తుంది.

చుండూరులో సైకిల్ దిగాను. బస్సులో ఎన్నోసార్లు టిక్కెట్టు చిల్లర లెక్కపెట్టుకుంటూ దాటిపోయిన ఊరు. 1991 ఆగస్టు 6న ఇక్కడ ఎనిమిది మంది దళితుల్ని తరిమి చంపారు. వాళ్లను ఊళ్లోనే సమాధి చేసుకున్న చోటును రక్తక్షేత్రం అంటారు. ఈ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. సమాధుల ముందు కాసేపు నిలబడ్డాను. రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా అవే మినుము చేలు.

మూడు కాలువల తెనాలిని 'ఆంధ్రా ప్యారిస్' అంటారు కదా. ఇటలీ మాట ఎత్తి బయల్దేరినవాణ్ని, పదింటికల్లా ప్యారిస్‌లో ఇడ్లీ తింటున్నాను! హోటల్లో పక్క బల్ల మీద పెద్దాయన సైకిల్ వంకా నా వంకా మార్చి మార్చి చూసి అడిగాడు... ''మొక్కుబడా మాస్టారూ?''

ఈ మూడ్రోజుల్లో ఆ ప్రశ్న కనీసం అయిదుసార్లు విన్నాను. కాదంటే రెండో ప్రశ్న, ''షుగరా?'' అదీ కాదంటే ఇక అడగరు, జాలిగా చూస్తారు. వయసొచ్చినవాడు సైకిల్ తొక్కితే మన దగ్గర మూడే కారణాలు... మొక్కు, షుగరు, లేమి. సరదా అనేది ఆ జాబితాలో లేదు. లాంగే కొండల్లో అరవై ఏళ్లవాడు చెమటలు కక్కుతూ ఎక్కుతుంటే చప్పట్లు కొడతారట. ఇక్కడ ఒక కుర్రాడు బండి ఆపి మరీ, ''ఎక్కండి తాతగారూ, సైకిల్ తర్వాత ఎవరైనా తెస్తార్లే'' అన్నాడు. ఏది గొప్పో నేను తేల్చలేను.

తెనాలి దాటాక ఫోన్ చెప్పిన దారి నన్నొక కాలువ కట్ట మీదికి ఎక్కించింది. చక్కటి మట్టిబాట, తుమ్మచెట్ల నీడ. అరగంట హాయిగా సాగిందో లేదో, బాట తూము దగ్గర ఆగిపోయింది. సైకిల్ భుజానికెత్తుకుని తూము గోడ మీద నడిచాను. అవతల దింపగానే వెనక టైరు తుస్సుమంది. తుమ్మముల్లు! పంక్చర్ షాపు కుర్రాడు ట్యూబు బయటికి లాగి దాన్ని వింతగా చూశాడు. అతనికి ట్యూబులేని టైర్లకు పుల్ల గుచ్చడం తెలుసు. సొల్యూషన్ రాసి ప్యాచీ వేసే పని వాళ్ల నాన్న వచ్చి చేశాడు. డబ్బులు తీసుకోలేదు. ''చాలా రోజులైందండీ దీని మీద చెయ్యేసి'' అన్నాడు.

గాలి మొదలైంది

మధ్యాహ్నం వేమూరు దాటాక అసలు కథ మొదలైంది. అప్పటిదాకా బుద్ధిగా కదిలిన సైకిల్ ఎవరో వెనక నుంచి క్యారియర్ పట్టుకున్నట్టు బరువెక్కింది. దిగి చూశాను. టైర్లో గాలి ఉంది, బ్రేకు పట్టేయలేదు. తలెత్తితే తాటాకులన్నీ ఒకే వైపు గలగలలాడుతున్నాయి. పైరగాలి! మాఘం వెళ్లేసరికి మధ్యాహ్నాలు సముద్రం మీంచి లేస్తుంది. ఇంట్లో కూర్చుంటే అంత సుఖం మరోటి లేదు. సైకిల్ మీద దానికి ఎదురెళ్లడం మాత్రం గుట్ట ఎక్కడమే. ఒక తేడా ఉంది. గుట్ట ఎక్కితే అవతల దిగుడు ఉంటుంది. ఈ కొండకి శిఖరం లేదు, సాయంత్రం ఉంటుందంతే. నెదర్లాండ్స్‌లో ఇలాగే గుట్టల్లేని నేల మీద ఎదురుగాలిలో సైకిల్ పోటీలే పెట్టుకుంటారు. వాళ్లకి తెలుసు.

భట్టిప్రోలు చేరేసరికి కాళ్లు వణుకుతున్నాయి. స్తూపం దిబ్బ పక్కన నీడలో కూలబడ్డాను. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించినప్పుడు రాతి భరిణెలు, స్ఫటిక భరిణె, అందులో ధాతువులు బయటపడ్డాయి. రాతి మీది అక్షరాలు అశోకుడి శాసనాల బ్రాహ్మికి కొంచెం తేడాగా ఉండటంతో దానికి 'భట్టిప్రోలు లిపి' అనే పేరొచ్చింది. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవాళ్లు ఈ దిబ్బ దగ్గరికి రాక తప్పదు. అయితే రే కంటే ముందే రోడ్ల పనివాళ్లు, కాలువల పనివాళ్లు వచ్చి స్తూపం ఇటుకల్నీ రాళ్లనీ చాలావరకు పట్టుకుపోయారు. నేను తొక్కొచ్చిన ఏ గజం రోడ్డు కింద ఎన్ని ఇటుకలున్నాయో!

రేపల్లెలో దీపాలు పెట్టే వేళకి లాడ్జి చేరాను. రైలు పట్టాలు కూడా అక్కడితో ఆగిపోతాయి. టీ కొట్టు దగ్గర ఎదురుగాలి గురించి గొప్పగా వాపోతుంటే కొట్టాయన నవ్వాడు. ''ఇదేం గాలండీ! గాలంటే డెబ్భై ఏడులో వచ్చింది.'' 1977 నవంబరు 19. ఏటి అవతల దివిసీమలో వేలమందిని ఉప్పెన తీసుకుపోయిన రోజు. ఆయనకప్పుడు పదేళ్లట. ఇంకేం చెప్పలేదు, గ్లాసులు కడుక్కున్నాడు. గాలి మాట నేనూ మళ్లీ ఎత్తలేదు.

కాలేజీ గేటు

రెండో రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హైవే, లారీల హారన్లు. సైకిల్ యాత్రకని వచ్చేవాళ్లు వీలైనంతవరకు లోపలి ఊళ్ల దారులే పట్టుకోండి. కర్లపాలెం దగ్గర మాత్రం నాకొక తోడు దొరికాడు. కల్లు గీసే మనిషి. సైకిల్‌కి రెండు పక్కలా కుండలు, భుజాన మోకు. ఈ మూడ్రోజుల్లో నన్ను ఏమీ అడగని మనిషి అతనొక్కడే. రెండు కిలోమీటర్లు పక్కపక్కనే తొక్కాం. ఇటలీవాళ్లకి ద్రాక్ష కొండలైతే మాకీ తాటితోపులు! చెట్టు దగ్గర ఆగి, ''తెల్లారే దింపింది, పులవలేదు'' అని ఆకు దోనెలో పోశాడు. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది కాబట్టి ఆ తర్వాత సంగతి రాయను.

సాయంత్రం బాపట్ల. వ్యవసాయ కళాశాల గేటు ముందు సైకిల్ స్టాండు వేశాను. 1945లో పెట్టిన కాలేజీ ఇది. 1979లో నేను ఇక్కడ చేరాను. హాస్టల్లో ఉండేవాణ్ని.

నాన్న శనివారం ఒంటిపూట బడి అయ్యాక రెండింటికి బయల్దేరి ఈ సైకిల్ మీద వచ్చేవాడు. పొన్నూరు నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు. క్యారియర్‌కి సంచి... నెయ్యి, పచ్చడి, ఉతికిన బట్టలు. చొక్కా వీపుకంటుకుపోయి ఉండేది. తోటి కుర్రాళ్ల నాన్నలు బుల్లెట్ల మీద, అద్దె కార్లలో వచ్చేవాళ్లు. ఒక శనివారం, ఇదే గేటు దగ్గర, సంచి అందుకుంటూ అన్నాను... ''సైకిల్ మీద రాకు నాన్నా. వస్తే రైల్లో రా. లేదా గేటు బయటే ఉండు.''

''సరేలే'' అన్నాడు. తర్వాత వారం నుంచి నిడుబ్రోలులో రైలెక్కి వచ్చేవాడు. ఆ టిక్కెట్టు డబ్బులు పంతులు జీతంలో ఎంతో అప్పుడు లెక్క కట్టలేదు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. ఈ మాట మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు.

గేటు దగ్గర కాపలా కుర్రాడు వచ్చి ''ఎవరికోసం సార్?'' అన్నాడు. ఎవరికోసమూ కాదన్నాను.

మూడో రోజు చీకటితోనే సూర్యలంక వెళ్లాను. తొమ్మిది కిలోమీటర్లు. పొద్దున గాలి లేదు, దారంతా సరుగుడు తోపుల వాసన. సముద్రంలోంచి సూర్యుడు లేచేదాకా ఇసకలో కూర్చున్నాను. తిరిగి బాపట్ల వచ్చి భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, రెండింటికి పొన్నూరు దారి పట్టాను. ఈ దారిలో వెళ్లేవాళ్లు కాస్త లోపలికి తిరిగితే జిల్లెళ్లమూడి వస్తుంది. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే అన్నపూర్ణాలయం అక్కడ 1958 నుంచీ నడుస్తోంది.

ఈసారి పైరగాలి నా వెనక ఉంది. పెడల్ మీద కాలు పెడితే చాలు, సైకిల్ తనే పోతోంది. అప్పికట్ల వైపు సాగుతుంటే హాయిగా ఈల కూడా వేశాను. అప్పుడు తట్టింది... నేను వస్తున్నది నాన్న ఇంటికి తిరిగొచ్చే దిక్కు. ఆయన బాపట్లకి వచ్చేది ఇదే వేళకి, ఇదే గాలికి ఎదురుగా.

అప్పికట్ల దాటాక సైకిల్ ఆపాను. వెనక్కి తిప్పి బాపట్ల వైపు ఎక్కాను.

మొదటి కిలోమీటరు పర్లేదు. రెండోదానికి సీటు మీంచి లేచి నిలబడి తొక్కాల్సి వచ్చింది. కళ్లల్లో దుమ్ము. చొక్కా వీపుకంటుకుంది. మూడో కిలోమీటరు రాయి దగ్గర దిగిపోయాను. నా క్యారియర్ మీద సంచి కూడా లేదు. రాయి మీద కూర్చుని నీళ్లు తాగి, మళ్లీ పొన్నూరు వైపు తిప్పాను.

చీకటి పడ్డాక ఇల్లు చేరాను. మేనల్లుడు ఫోన్ చేశాడు.

''ఎన్ని కిలోమీటర్లు తేలింది మామయ్యా?''

చెప్పాను.

''మనం అనుకున్నదానికి ఆరు ఎక్కువుందే?''

''దార్లో వెనక్కి తిరగాల్సొచ్చిందిరా'' అన్నాను.