అంగుళం దారి

మా అమ్మీకి డెబ్భై నాలుగో ఏట తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగి, అల్లాహ్ దయవల్ల మూడు నెలల్లో వాకర్ పట్టుకుని నడవగల స్థితికి వచ్చారు. నడిస్తేనే కాలు నిలుస్తుందని, మంచానికి అలవాటు పడనివ్వవద్దని వైద్యులు చెప్పారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆమె మంచం నుంచి స్నానాలగదికి పది అడుగుల దూరం. అందులో తొమ్మిది అడుగులు ఆమె ఏ ఇబ్బందీ లేకుండా నడిచేవారు. మిగిలిన ఒక్క అడుగు దగ్గర, అంటే గుమ్మం దగ్గర, ఆమె ప్రతిరోజూ ఎంత కష్టపడుతున్నారో మాకెవరికీ తెలియలేదు.

రాత్రి పడుకోబోయే ముందు నా శ్రీమతి ఆమె మంచం పక్కన చెంబుతో మంచినీళ్ళు పెట్టేది. తెల్లవారి చూస్తే చెంబు నిండుగానే ఉండేది. దాహం వేయలేదేమో అనుకున్నాం. కొద్ది వారాల తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది. పరీక్షలు చేసిన వైద్యురాలు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని చెప్పి, "ఈమె నీళ్ళు సరిగా తాగడం లేదా?" అని అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఇంటికి వచ్చాక అమ్మీని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నీళ్ళు తాగితే రాత్రి లేవాలి బేటా. లేస్తే నిన్ను లేపాలి" అన్నారు.

"లేపితే ఏమవుతుంది అమ్మీ? అది నా బాధ్యత కాదా?" అన్నాను, కొంచెం నిష్ఠూరంగానే.

"నీ బాధ్యత సరే. వుజూ చేసుకోవడానికి కూడా నన్నొకరు పట్టుకోవాలంటే..." అని ఆగిపోయారు. ఆ వాక్యాన్ని ఆమె పూర్తి చేయలేదు. పూర్తి చేయమని అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

మరునాడు ఆమెకు తెలియకుండా గమనించాను. గుమ్మం వరకు వాకర్ చక్కగా వెళ్ళింది. అక్కడ దాని కాళ్ళు ఒకవైపు గుమ్మానికి, మరోవైపు తెరిచిన తలుపుకు తగిలి బిగుసుకుపోయాయి. ఆమె వాకర్‌ను వెనక్కు లాగి పక్కకు తిప్పి లోపలికి నెట్టారు. అలా నెట్టే క్షణంలో చేతికి ఆసరా లేక తలుపు అంచును పట్టుకున్నారు. తలుపు కదిలింది. ఆమె తూలారు. నా గుండె ఆగినంత పనైంది. ఆమె మాత్రం నిలదొక్కుకుని, ఇది తనకు నిత్యకృత్యమే అన్నట్లు లోపలికి వెళ్ళారు. కదిలే తలుపే ఆమెకు ఆసరా అయ్యిందన్నమాట.

ఆ రోజు నుంచి నేను ఉపాయాలు వెదకసాగాను. నేను మొదట ఆలోచించినవన్నీ ఆమె మీద నేను చేయదలచిన ఏర్పాట్లే. మంచం పక్కనే మరుగుదొడ్డి కుర్చీ పెడదామన్నాను. "నడవలేని వారికి అది అల్లాహ్ ఇచ్చిన సౌకర్యం. నేను నడుస్తున్నాను కదా" అన్నారు. గోడ పగలగొట్టి గుమ్మం వెడల్పు చేద్దామంటే, ఒకవైపు గోడలో నీటి గొట్టాలున్నాయి. మరోవైపు మూడంగుళాల దూరంలోనే అడ్డగోడ ఉంది. పైగా ఆ పని ముగిసేదాకా ఇంట్లో ఉన్న ఒక్క స్నానాలగది మూతపడుతుంది. చివరికి తలుపు తీసేసి దళసరి పరదా వేలాడదీస్తానన్నాను. అమ్మీ ముఖం మారిపోయింది.

"ఇంట్లో కోడలుంది, మనవలున్నారు. ఈ వయసులో నా హయాను పరదా గుడ్డకు అప్పగించమంటావా?" అన్నారు.

ఆమెకు దారి కావాలి, తలుపూ కావాలి. ఈ రెండింటిలో ఒకటి ఇచ్చి మరొకటి తీసుకునే హక్కు నాకు లేదని అప్పుడు అర్థమైంది.

టేపు తీసుకుని కొలిచాను. గుమ్మం లోపలి వెడల్పు 25 అంగుళాలు. వాకర్ కాళ్ళ మధ్య వెడల్పు 24 అంగుళాలు. లెక్క ప్రకారం పట్టాలి. మరి ఎందుకు పట్టడం లేదు? తలుపు తెరిచి, తలుపు ముఖం నుంచి ఎదుటి గుమ్మం వరకు మళ్ళీ కొలిచాను. 24 అంగుళాలే వచ్చింది. అంగుళం దారిని తలుపే ఆక్రమించుకుంది. తలుపు తెరిస్తే దారి ఏర్పడుతుందని మనం అనుకుంటాం. తెరిచిన తలుపు కూడా కొంత దారిని అడ్డగిస్తుందని నాకు అంతవరకు తోచలేదు.

దీనికి కారణం బందులో ఉంది. మామూలు బందుకు రెండు రెక్కలు, మధ్యలో ఒక చీల ఉంటాయి. ఆ చీల సరిగ్గా తలుపు అంచు దగ్గర నిలుస్తుంది. తలుపు మూసినప్పుడు దాని మందం గుమ్మంలో ఒదిగి ఉంటుంది. తొంభై డిగ్రీలు తెరిస్తే ఆ మందమే అడ్డంగా తిరిగి దారిలోకి వస్తుంది. మాది పాతకాలపు టేకు తలుపు, మందం అంగుళంన్నర. అందులో అరంగుళం గుమ్మం గాడిలో మరుగవుతుంది. మిగిలిన అంగుళం దారిలో నిలబడుతుంది. తలుపును పూర్తిగా వెనక్కు మడిచి గోడకు ఆనించగలిగితే ఈ చిక్కే ఉండదు. కాని మా ఇంట్లో అడ్డగోడ వల్ల తలుపు తొంభై డిగ్రీలు దాటి ఎంతో పోదు.

మా వీధి చివర వడ్రంగం చేసే ఆచారిగారిని పిలిచాను. ఆయన తలుపును రెండుమూడుసార్లు తెరిచి మూసి, "పలకను చిత్రిక పట్టి పలచన చేయొచ్చు మాస్టారూ. కాని అంగుళం తీస్తే ఇక తలుపేం మిగులుతుంది? మందం జోలికి పోవద్దు. అది తిరిగే చోటు మార్చగలమేమో చూద్దాం" అన్నారు.

ఆ మాట పట్టుకుని ఆ రాత్రి అట్టముక్కలతో కూర్చున్నాను. ఒక అట్టను గుమ్మంలా, మరొక అట్టను పైనుంచి చూస్తే కనిపించే తలుపులా కత్తిరించి, గుండుసూదిని చీలగా గుచ్చాను. సూది తలుపు అంచు దగ్గర ఉంటే, అట్ట తలుపు దారిలోకి వచ్చింది. సూదిని అంచు నుంచి అంగుళం దూరం జరిపి, గుమ్మపు చెక్క మీద గుచ్చి తిప్పాను. అట్ట తలుపు తెరుచుకుంటూనే పక్కకు ఒదిగి, తొంభై డిగ్రీల దగ్గర దారిని పూర్తిగా విడిచిపెట్టింది. తలుపు అదే, గుమ్మం అదే. మారినది సూది ఉన్న చోటు మాత్రమే. నా చిన్న కూతురు ఆ ఆటను పదిసార్లు ఆడి చూసింది.

ఇదేదో నేను కనిపెట్టిన వింత కాదు. చీలను పక్కకు జరిపి చేసే ఇలాంటి బందులను ఆసుపత్రుల్లో, చక్రాల కుర్చీ వాడేవారి ఇళ్ళలో ఎంతో కాలంగా వాడుతున్నారని తర్వాత తెలిసింది. అమెరికాలో 2010 నాటి సౌలభ్య ప్రమాణాల ప్రకారం ద్వారానికి కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలి. ఆ కొలతను గుమ్మం నుంచి గుమ్మానికి తీసుకోరు. తలుపును తొంభై డిగ్రీలు తెరిచి ఉంచి, తలుపు ముఖం నుంచి ఎదుటి గుమ్మం వరకు తీసుకుంటారు. మన దేశంలో కూడా వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. కాని మా ఇల్లు కట్టిన రోజుల్లో ఈ ఆలోచన మేస్త్రీకీ లేదు, మా అబ్బాకూ లేదు. వృద్ధాప్యం ఎదుటివారి ఇంటికే వస్తుందన్నట్లు మనం ఇళ్ళు కట్టుకుంటాం.

ఆచారిగారు నా అట్టబొమ్మను చూసి నవ్వారు. తరువాత దాన్ని తీసుకుని వెల్డింగ్ షాపుకు వెళ్ళారు. తుప్పు పట్టని స్టీలు పలకతో మూడు బందులు చేయించారు. ఒక రెక్క గుమ్మపు చెక్క ముఖం మీద, రెండవ రెక్క తలుపు ముఖం మీద కూర్చునేలా, చీల తలుపు అంచుకు అంగుళం అవతల ఉండేలా కొలత ఇచ్చారు. తలుపుకు ఇదివరకు రెండే బందులుండేవి. "చీల దూరం జరిగితే బరువు ఎక్కువ లాగుతుంది. మూడోది తప్పదు" అని, పొడవైన స్క్రూలు బిగించారు. తలుపు లోపలివైపు పొడుచుకు వచ్చిన గడియను తీసి, చేతికి తగలని చదునైన గడియ అమర్చారు. రాతి గడపకు రెండువైపులా సిమెంటుతో చిన్న వాలు చేయించాం. తలుపు తెరిచినప్పుడు గుమ్మానికీ దానికీ మధ్య ఒక సందు ఏర్పడింది. పిల్లల వేళ్ళు అందులో నలగకుండా రబ్బరు పట్టీ అంటించాం. అమ్మీ చేతికి ఆసరాగా లోపలి గోడకు ఒక ఉక్కు కడ్డీ బిగించాం. పనంతా ఒక్క రోజులో ముగిసింది.

సహీహ్ ముస్లిం గ్రంథంలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక ప్రసిద్ధ హదీసును మనమందరం విని ఉన్నాం. ఈమాన్‌కు ఎన్నో శాఖలున్నాయని, అన్నిటికన్నా ఉన్నతమైనది ఏకదైవ సాక్ష్యమని, దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం కూడా వాటిలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. హయా కూడా ఈమాన్ శాఖేనని అదే హదీసులో ఉంది. చిన్ననాటి నుంచి విన్న ఆ హదీసును నేను వీధికే వర్తింపజేసుకున్నాను. రోడ్డు మీద ముల్లు కనబడితే తీశాను, రాయి కనబడితే పక్కకు నెట్టాను. మా అమ్మీ రోజుకు ఐదుసార్లు వుజూ కోసం నడిచే పది అడుగుల దారి కూడా దారేనని నాకు తట్టలేదు. దారిలోని అడ్డు తొలగాలి, ఆమె హయా నిలవాలి. ఒకే హదీసులోని ఆ రెండు శాఖలూ మా స్నానాలగది గుమ్మం దగ్గర కలిసి నా కోసం ఎదురుచూస్తున్నాయి.

సేవ గురించి కూడా నా అభిప్రాయం మారింది. తల్లిదండ్రుల సేవ అంటే వారిని చేతులతో ఎత్తుకోవడమే అనుకునేవాణ్ణి. ఎత్తుకోవలసిన రోజు వస్తే ఎత్తుకోవలసిందే. అది మన భాగ్యం. కాని వారు తమంతట తాము నడవగలిగినంత కాలం వారి దారిని ఖాళీగా ఉంచడం అంతకు తక్కువ సేవ కాదు. అందులో మనకు పేరు రాదు, ఎవరూ చూడరు. బనీ ఇస్రాయీల్ సూరాలో తల్లిదండ్రుల పట్ల మన వినయాన్ని వాల్చిన రెక్కతో పోల్చడం జరిగింది. మన భాషలో తలుపుకు కూడా రెక్క అనే అంటాం. అమ్మీ వస్తున్నప్పుడు దారి విడిచి ఒదిగి నిలబడే ఆ తలుపు రెక్కను చూసినప్పుడల్లా నాకు ఆ వాక్యమే గుర్తొస్తుంది.

ఈ పత్రిక చదివే సోదర సోదరీమణులకు ఒక విన్నపం. మీ ఇంట్లో వృద్ధులుంటే ఈ రోజే ఒక టేపు తీసుకోండి. స్నానాలగది తలుపు తెరిచి, తలుపు ముఖం నుంచి ఎదుటి గుమ్మం వరకు కొలవండి. వారి వాకర్‌నో, చక్రాల కుర్చీనో కొలవండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్చగలరేమో ఆలోచించండి. లోపల ఎవరైనా జారిపడి తలుపుకు అడ్డంగా ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపును బయటి నుంచి నెట్టడం దుర్లభం. మీ మసీదు వుజూఖానాకు తలుపు ఉంటే దాన్ని కూడా ఒకసారి కొలిచి చూడండి. కొందరు వృద్ధులు జమాఅతుకు రాకపోవడానికి కారణం మోకాళ్ళ నొప్పి ఒక్కటే కాకపోవచ్చు. వారు చెప్పరు. మా అమ్మీ కూడా చెప్పలేదు, నీళ్ళు తాగడం మానేశారంతే.

బందులు మార్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫజ్ర్ అజానుకు ఇంకా చాలా సమయం ఉండగా అమ్మీ గదిలో వాకర్ చప్పుడు వినిపించింది. అలవాటు కొద్దీ లేవబోయి, మంచం అంచున ఆగిపోయాను. టక్, టక్ అంటూ ఆ చప్పుడు గుమ్మం దాకా వెళ్ళింది. ఇదివరకు అక్కడ ఆగేది. ఈసారి ఆగలేదు. తలుపు మూసిన శబ్దం, గడియ పడిన శబ్దం, కాసేపటికి కుళాయి నీళ్ళ శబ్దం వినిపించాయి. లేవకుండా ఉండటం ఆ రాత్రి నాకు ఎంతో కష్టమైంది.

తెల్లవారి చూస్తే చెంబులో నీళ్ళు సగానికి తగ్గి ఉన్నాయి. అల్‌హమ్దులిల్లాహ్.