పేరు అదే... నంబరే మారుతుంది!

హన్మకొండలో మా ఇల్లు అంగుళం కదల్లేదు. చిరునామా మాత్రం మారుతూనే ఉంది. 2016లో వరంగల్ అర్బన్ జిల్లా అని రాశాం. 2021 నుంచి హన్మకొండ జిల్లా అంటున్నాం. ఇంటర్నెట్‌లో వ్యవహారం తలకిందులు. అక్కడ పేరు నిలకడగా ఉంటుంది, దాని వెనకున్న నంబరు మారిపోతుంటుంది.

పోయిన నాన్న ఫొటోలూ, ఆయన గొంతు రికార్డులూ మా ఇంట్లోని పాత కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. డాలస్‌లో ఉన్న అక్క అక్కణ్నుంచే వాటిని తెరిచి వింటుంది. కరెంటు పోయి రౌటర్ మళ్లీ వెలిగిందంటే ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఐపీ నంబరు మారొచ్చు. అప్పుడిక అక్కకి దారి తెలియదు.

ఆ చిక్కు తీర్చేదే డైనమిక్ డీఎన్ఎస్. ఇంటికో పేరు రిజిస్టర్ చేసుకుంటే, డీడీక్లయింట్ లాంటి చిన్న ప్రోగ్రామ్ కొన్ని నిమిషాలకోసారి నంబరు చూసుకుంటుంది. మారితే ఆ పేరు పక్కన కొత్తది రాయిస్తుంది. అద్దె ఇల్లు మారినప్పుడల్లా పోస్ట్‌మ్యాన్‌కి చెప్పి రావడం లాంటిదే!

అయితే పాతరకం ఐపీ నంబర్లు ప్రపంచం మొత్తానికీ దాదాపు 430 కోట్లే. అందుకే కొన్ని కంపెనీలు ఒకే నంబరును చాలా ఇళ్లకు పంచుతున్నాయి. అలాంటిచోట ఈ ఉపాయం ఒక్కటే పనిచేయదు. ఇంటికి విడిగా నంబరు ఇస్తారేమో కంపెనీని అడగాలి. బయటివాళ్లకీ దారి తెరిచినట్టే కాబట్టి గట్టి పాస్‌వర్డ్ తప్పనిసరి.

అక్కకి ఈ గొడవలేవీ పట్టవు. పేరు టైపు చేస్తుంది, నాన్న పలుకుతారు.